బొంతకు నాలుగో అంచు

దర్జీకి పది నిమిషాలు కూడా పట్టలేదు. బొంతను మిషన్ మీదికి లాక్కున్నాడు. కుట్టకుండా మిగిలిన నాలుగో పక్కకు ఎర్ర గుడ్డ పట్టీ ఒకటి ఆనించి చక్రం తిప్పాడు. రెండు మూలల దగ్గర జానెడేసి పట్టీ కొసలు వేలాడుతున్నాయి.

“ఇవేంటి సార్?”

“ఫోటోలో బాగుండవు. తీసెయ్.”

కత్తెర రెండుసార్లు టక్కుమంది. ఒక పచ్చ ముక్క, ఒక వంకాయ రంగు ముక్క నేల మీద పడ్డాయి. బయట సన్నగా చినుకులు. నేను కొట్టు గుమ్మంలో నిలబడి, తడిసిన రోడ్డు మీద మెల్లగా జారిపోతున్న ఆటోలను చూస్తూ, ఆదివారం పేజీ ఎంత బాగా రాబోతోందో ఊహించుకుంటున్నాను. లోపల మిషన్ చప్పుడు కూడా వాన చప్పుడులాగే వినిపించింది.

ముప్పై ఏళ్ళకు పైగా ఒక తెలుగు దినపత్రిక బెంగళూరు ఆఫీసులో పనిచేశాను. అన్నేళ్ళలో నేను చేసిన తప్పుల్లో పెద్దది ఏదని అడిగితే ఆ చినుకుల మధ్యాహ్నమే చెబుతాను. పత్రికల్లోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, ఏదైనా చెప్పండి సార్ అంటుంటారు. ప్రమోషన్ల గురించి నాకు చెప్పడానికేమీ లేదు. అవి వయసుతో పాటు వచ్చాయి, కొన్ని రాలేదు. ఎవరి పేరుతో ఏ వార్త వచ్చిందో ఇప్పుడు నాకే గుర్తు లేదు. ఈ బొంత మాత్రం గుర్తుంది. కళ్ళు మూసుకుంటే దాని మడతలు ఇప్పటికీ వేళ్ళకు తగులుతాయి.

ఇంటి పేజీ

మాది గుంటూరు జిల్లా. బెంగళూరు వచ్చిన కొత్తలో పోలీసు స్టేషన్లు, కార్పొరేషన్ మీటింగులు తిరిగాను. తర్వాత నన్ను ఇంటి పేజీకి మార్చారు. వంటలు, కుట్లు, కుండీల్లో మొక్కలు, పసిపిల్లల దగ్గుకు చిట్కాలు. తోటివాళ్ళు జాలిపడ్డారు. నాకు మాత్రం ఆ పేజీ నచ్చింది. ఆ పని పట్టపగలు అయిపోయేది. మిగతా గదంతా కేకలతో ఉంటే నా మూలలో ఎవరో పంపిన గోరింటాకు ముగ్గుల కాయితాలు, మెంతికూర విత్తనాల పొట్లాలు. కిటికీలోంచి ఎండ వచ్చి బల్ల మీద కాసేపు కూర్చుని పోయేది.

మా ఫీచర్స్ ఇన్‌ఛార్జి మూర్తిగారు మంచి ఎడిటరు. మొదటి పాఠం ఆయనే చెప్పారు, అదీ ఒక ఆవకాయ మూలంగా. పేజీలో ఆవకాయ పద్ధతి ఒక లైను ఎక్కువైంది. నేను ఒక లైను కోశాను. కోసింది ఉప్పు లైను. నెల తర్వాత ఒకావిడ జాడీ చంకన పెట్టుకుని ఆఫీసుకే వచ్చింది. మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. ఆవిడ వెళ్ళాక మూర్తిగారు కిటికీలు తెరుస్తూ, “కోసేముందు ఆ లైను అక్కడ ఎందుకుందో చూడవయ్యా” అన్నారు.

అదే మూర్తిగారికి పేజీలో ఖాళీ కనిపిస్తే ఊపిరాడేది కాదు. రెండు వేళ్ళ జాగా మిగిలినా ఒక చిట్కానో ఒక పువ్వు బొమ్మో పెట్టాల్సిందే. “ఖాళీ చూస్తే పాఠకుడు మనం నిద్రపోయామనుకుంటాడు” అనేవారు. ఆయన చెప్పిన రెండు మాటల్లో నాకు రెండోదే ఎక్కువ ఒంటబట్టింది. డెస్కు మీద పెరిగిన మనిషికి తెరిచి ఉన్నదేదైనా లోపంలాగే కనిపిస్తుంది. ఇది నా ఒక్కడి జబ్బు కాదు. మా వృత్తిదే.

కాటన్‌పేట మేడ మీద

నా ఉద్యోగం ఆఖరి ఏడాదిలో ఒక ఉత్తరం వచ్చింది. రూళ్ళ కాయితం మీద నీలం సిరా. “మా ఇంట్లో అమ్మ చీరలతో బొంత కుట్టి దానికి అంచు వేసే పద్ధతి ఒకటి ఉండాది. మీ పేపర్లో వేస్తే బాగుంటాది. వచ్చి చూడగలరు.” కింద రత్నమ్మ అని సంతకం, కాటన్‌పేట చిరునామా.

ఆ వీధిలో నడవడమంటే బట్టల బేళ్ళకూ టెంపోలకూ మధ్య పక్కకు తిరిగి నడవడమే. కింద వాళ్ళ కుటుంబం హోల్‌సేలు బట్టల కొట్టు. పక్క సందులోంచి నిటారు మెట్లు. పైన పొడుగాటి గది. అక్కడికి వీధి గోల సగమే వచ్చేది. గాలిలో దూది నూగు తేలుతూ ఉంటే, కిటికీ ఊచల మధ్య నుంచి పడే వెలుతురులో ఆ నూగు ఎంతసేపటికీ నేలకు దిగేది కాదు. గది నిండా పరిచిన బొంత. ఎవరో నిద్రపోతుంటే లేపకుండా పక్కన కూర్చున్నట్టు రత్నమ్మ దాని పక్కన కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. కళ్ళద్దాలకు ఒక పక్క దారం కట్టి ఉంది.

“రా అప్పా. కూర్చో. బొంత మీద కాదు, చాప మీద.”

“రత్నమ్మగారూ, ఉత్తరం చూసి...”

“గారు వద్దప్పా. స్కూలు ఇన్‌స్పెక్టరు వచ్చినట్టు ఉండాది. అక్కా అను చాలు. యా ఊరు మీది? ఆ మాట వింటే గుంటూరు పక్క అనిపిస్తా ఉండాది.”

“అవునక్కా.”

“అయితే కాఫీలో చక్కెర జాస్తి వెయ్యల్ల నీకు.”

మూడు మధ్యాహ్నాలు అక్కడికి వెళ్ళాను. ఒక్క మధ్యాహ్నంలో అయిపోయే పనే. కానీ ఆ గదిలో కూర్చుంటే లేవబుద్ధి అయ్యేది కాదు. ఆమె ఒక్కో ముక్క మీద వేలు పెట్టి చెప్పేది. ఇది అమ్మ పండక్కి కట్టింది. ఇది వంటింట్లో కట్టింది, చూడు, పసుపు మరక పోలేదు. ఇది మాకు జొరం వస్తే మొహం తుడిచే కొంగు. రాసుకుంటున్న నా కలం కాసేపటికి ఆగిపోయేది. ఆ గళ్ళ మధ్య, చుక్కల మధ్య ఒక మనిషి బతికిన ఇళ్ళన్నీ గోడలు లేకుండా పరిచినట్టు ఉండేది. రత్నమ్మ గొంతు దూరమై మళ్ళీ దగ్గరయ్యేది. ఎక్కడో కింద టెంపో హారను ఎవరి కలలోనో మోగినట్టు మోగేది.

కుట్టే తీరు

పద్ధతి ఇది. పనికొస్తుంది కాబట్టి రాస్తున్నాను.

తల్లి పోయిన తర్వాత ఆమె పాత చీరలు నాలుగైదు పొరలుగా పరిచి బొంత కుడతారు. ఇది అందరూ కలిసి చేసే పని. పొడుగాటి కుట్లు వేస్తూ పోతే పొరలు కాస్త అటూ ఇటూ జరుగుతాయి. చివరికి పక్కలు వంకరగా, పోగులు లేచి ఉంటాయి. వాటిని సరిచేసి, పట్టీ చుట్టి మూయడమే అంచు. ఆ అంచు కూతుళ్ళది. తల్లి చీర కాదు, కూతురు తన సొంత చీరలోంచి నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీ కోయాలి. పట్టీని బొంత ముందు వైపు బోర్లా పెట్టి కుట్టి, వెనక్కి తిప్పి, పోగులు లోపలికి మడిచి, వెనక గుడ్డను మాత్రం పట్టుకునేలా ఏటవాలుగా చిన్న చిన్న కుట్లు వేస్తారు. ముందు నుంచి చూస్తే ఒక్క కుట్టూ కనపడకూడదు.

నలుగురు కూతుళ్ళుంటే తలా ఒక పక్క. ఇద్దరుంటే చెరి రెండు. ఎవరి పక్క కుట్టే వంతు వస్తే బొంత వాళ్ళ ఇంటికి పోతుంది. పక్క పూర్తయ్యాక పట్టీని కోసేయరు. జానెడు కొస వదిలిపెడతారు. మొదట కుట్టిన మనిషి రెండు చివరలా వదులుతుంది. తర్వాతి మనిషి ఆ కొసను తన పట్టీ కిందికి తీసుకుని, ఉత్తరం కవరు మడిచినట్టు మడిచి, మూల తిప్పుతుంది. అలా ప్రతి మూలలో ఇద్దరి చీరలు ఉంటాయి. ఇంకో నియమం కూడా ఉంది. కుట్టినది విప్పాలంటే కుట్టిన చెయ్యే విప్పాలి.

రత్నమ్మ నలుగురిలో పెద్దది. ఆమెది కుడి పక్క, పచ్చ పట్టీ. రెండో ఆమెది కాళ్ళ వైపు. మూడో చెల్లెలు జయమ్మది ఎడమ పక్క, వంకాయ రంగు. ఆమె జిగణిలో ఉంటుంది. తల వైపు పక్క ఖాళీ. రెండు చివరలా పచ్చ కొస, వంకాయ రంగు కొస.

“ఇది?” అన్నాను.

“అది చిన్నదానిది. తల పక్క ఎప్పుడూ చిన్న కూతురుదే.”

“ఎప్పుడు కుడతారు?”

“కుడతాదిలే.” కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. “ఫోటోలో అది అట్లనే పడనీ అప్పా. మూయొద్దు. అట్లనే కనపడల్ల.”

పిల్లలూ, ఇక్కడ ఆగండి. నేను ఆగలేదు. ఎందుకు అని అడగలేదు. వయసైన మనిషి మొహమాటపడుతోందనుకున్నాను. ఇల్లు సర్దలేదు, అయినా ఫోటో తీసుకోండి అనేవాళ్ళను నేను వందల మందిని చూశాను. ఇదీ అలాంటిదే అనుకుని నోట్‌బుక్కు మూశాను.

ఆదివారం

ఆ గదిలో వెలుతురు చాలదని మా ఫోటోగ్రాఫరు బాషా అన్నాడు. రత్నమ్మను అడిగి బొంతను ఆఫీసుకు తెచ్చాను. బాషా టెర్రస్ మీద దాన్ని పరిచాడు. మూర్తిగారు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

“హెడ్డింగ్ ఏమిటి?”

“బొంతకు అంచు కుట్టడం ఎలా.”

“మరి కుట్టలేదుగా.”

“మూడు పక్కలు కుట్టారు సార్.”

“చపాతీ చేయడం ఎలా అని రాసి పిండిముద్ద ఫోటో వేస్తామా? ఆ రెండు తోకలేంటి, ఎలక కొరికినట్టు?”

బాషా నవ్వాడు. నేనూ నవ్వాను. అట్లనే పడనీ అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. ఆవిడ కుడుతుందంది కదా, కాస్త ముందే అయితే సంతోషిస్తుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆఫీసు కిందే దర్జీ కొట్టు. తర్వాత జరిగింది మొదటే చెప్పాను. ఫోటో మర్నాడు పొద్దున, వాన వెలిశాక తీశాం.

ఆదివారం పేజీ నిజంగానే బాగుంది. సగం పేజీ ఫోటో. ఉదయపు ఎండలో బొంత, నాలుగు రంగుల అంచుతో. బాల్కనీలో కాఫీతో కూర్చుని దాన్ని చూస్తూ ఉన్నాను. ఫోన్ మోగింది.

“చూసినానప్పా. బాగుండాది ఫోటో.”

“థాంక్సక్కా.”

“నాలుగో పక్క ఎవురు కుట్టినారు?”

చెప్పాను. పేజీకి నిండుగా ఉంటుందని, ఫోటో కోసమని. చెబుతున్న కొద్దీ నా మాటలు నాకే పలచబడ్డాయి.

“మా చిన్నది దినామూ పేపరు చదువుతాది అప్పా” అంది. “అందుకే రాసినాను నీకు.”

సోమవారం బొంత భుజాన వేసుకుని ఆ మెట్లెక్కాను. అప్పుడు చెప్పింది. చిన్న చెల్లెలు కమలాక్షి కాడుగోడిలో ఉంటుంది. అమ్మ ఆఖరి ఏళ్ళు ఆమె దగ్గరే గడిపింది. జబ్బు ముదిరాక రత్నమ్మ కారు తీసుకెళ్ళి అమ్మను కాటన్‌పేటకు తెచ్చింది. మూడో రోజు అమ్మ పోయింది. ఆ రోజు వచ్చి వెళ్ళిన కమలాక్షి మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు. మూడు పక్కలు పూర్తయి రెండేళ్ళయింది. కబురు పెట్టారు, రాలేదు. ఫోన్ ఎత్తలేదు.

“ఖాళీగా ఉండే పక్క కళ్ళతో చూస్తే వస్తాదేమో అనుకొంటిని. నా కోసం ఆపి పెట్టినారు అని. ఇప్పుడేమో...”

మిగతాది చెప్పక్కర్లేదు. నా పేజీ ఆ చెల్లెలికి సగం పేజీ ఫోటోతో చెప్పింది, నువ్వు లేకుండానే అయిపోయిందని.

బ్లేడు నా చేతికిచ్చింది. “విప్పు. కుట్టించినోడివి నువ్వే కదా.”

ఆ మధ్యాహ్నం అంతా విప్పాను. మిషన్ కుట్టు వేయడం తేలికే, విప్పడం కాదు. ఒక్కో దారాన్ని కోసి, గుడ్డ చిరగకుండా లాగాలి. రత్నమ్మ పక్కన కూర్చుని రాలిన దారాలు ఏరింది. వెలుతురు గదిలో ఒక గోడ మీద నుంచి ఇంకో గోడ మీదికి నడిచింది. ఒకసారి, “మెల్లగా అప్పా, అది అమ్మ చీర” అంది. ఎర్ర పట్టీ ఊడి వచ్చింది. కోసేసిన కొసలు మాత్రం ఎక్కడి నుంచి వస్తాయి? దర్జీ కొట్టులో వెతికాను. ఊడ్చేశాడు.

సవరణ

పత్రికవాడు తప్పు చేస్తే ఒక దారి ఉంటుంది. సవరణ వేయడం. ఆరు లైన్లు రాసి తీసుకెళ్ళాను. బొంతకు నాలుగో అంచు ఇంకా కుట్టలేదనీ, దాన్ని కుట్టవలసిన చెయ్యి కోసం ఆ పక్క ఇప్పటికీ ఖాళీగానే ఉందనీ.

మూర్తిగారు చదివారు. “ఇది సవరణా, ప్రేమలేఖా?”

“సవరణే సార్.”

“బొంత మీద సవరణ వేసిన పత్రిక ప్రపంచంలో ఉంటుందా?”

“మనది ఉంటుంది సార్. ఉప్పు మీద కూడా వేశాం.”

ఆయన నా మొహం చూసి, పెన్ను తీసి, ఆరు లైన్లను రెండు చేశారు. ఆ రెండూ లోపలి పేజీలో, అద్దె ఇళ్ళ ప్రకటనల పైన వచ్చాయి. మూర్తిగారిని నేను తప్పుపట్టను. ఆయన పేజీ ఆయనకు ముఖ్యం. కానీ ఇన్నేళ్ళలో ఒకటి చూశాను. తప్పు మొదటి పేజీలో నడిచి వెళ్తుంది, సవరణ లోపలి పేజీలో కూర్చుని ఉంటుంది. తప్పు ఎవరి ఇంటికి వెళ్ళిందో ఆ ఇంటికి మనమే వెళ్ళాలి. ఆ పని మా ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అంతవరకు చేయలేదు.

కాడుగోడి

బొంతను రత్నమ్మే మూట కట్టింది.

“ఇచ్చేసి రా. నా మాటగా ఏమీ చెప్పొద్దు.”

మెట్రోలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దాని వెచ్చదనానికో, రైలు ఊపుకో కునుకు పట్టింది. నిద్రకూ మెలకువకూ మధ్య అద్దంలో మేడలు, నీళ్ళ ట్యాంకులు, చెట్ల తలలు ఆగకుండా పోతున్నాయి. ఎదురుగా కూర్చున్న పాప ఒకతె మూటలోంచి కనపడుతున్న చుక్కల గుడ్డను వేలితో లెక్కపెడుతోంది. ఎవరి అమ్మనో ఎవరి ఇంటికో తీసుకెళ్తున్నట్టు అనిపించింది.

కాడుగోడి పాత వీధిలో ఇల్లు. వరండాలో తీగల మీద చీరలు వేలాడుతున్నాయి. కమలాక్షి చీరలకు ఫాల్స్ కుడుతుంది, కొంగుకు కుచ్చులు కడుతుంది. నలుగురిలో అంచు పని బాగా తెలిసిన చెయ్యి ఆమెదేనని అప్పుడు అర్థమైంది.

“ఫాల్సా, కుచ్చా?” తల ఎత్తకుండానే అడిగింది. “యాదైనా బేస్తవారం లోపల కాదు.”

“చీర కాదండీ.”

అప్పుడు చూసింది. మూట చూసింది. సూది చీరకు గుచ్చి పక్కన పెట్టింది.

“పెద్దక్క పంపినాదా?”

“ఇచ్చి రమ్మంది. ఏమీ చెప్పొద్దంది.”

“చెప్పొద్దన్న మాట చెప్పేసినావు కదా.”

నేనెవరో, ఏం చేశానో చెప్పాను. ఆమె వింటూనే మూట విప్పింది. సవరణ చూశారా అని అడిగాను.

“యా సవరణ?”

“లోపలి పేజీలో...”

“లేదప్పా. ఫోటో చూసినాను. మిషన్ కుట్టు అని చూడంగానే తెలిసె. మా వాళ్ళు సచ్చినా మిషన్ ముట్టరు. అయినా నాలుగు పక్కలూ ఉండాయి కదా. ఎవురు కుట్టినా కుట్టినట్టే.”

“తప్పు నాదేనమ్మా.”

“నీదే. దానికంటే ముందుది ఇంకొకటి ఉండాది.” కిటికీ పక్కన ఖాళీగా ఉన్న మంచం వైపు చూపించింది. “అమ్మ ఆడ పడుకొనేది. ఆ దినం గంజి అడిగింది. నేను లోపల కాస్తా ఉండాను. వీళ్ళు కారు తెచ్చినారు. గంజి దించి తెచ్చే లోపల కారు పోయింది.”

“అమ్మే కాటన్‌పేట పోదామని అడిగిందని రత్నమ్మగారు అంటున్నారు.”

“నన్ను గంజి అడిగింది. అంతే నాకు తెలుసు.”

రెండు మాటలూ రాసుకున్నాను. రెండూ నిజమే అయ్యుండవచ్చు. మూడో సాక్షి లేదు. వార్త అయితే ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టి వదిలేసేవాణ్ణి. అక్కడ, ఆ మంచం ఎదురుగా, అది వదిలేసే పనిలా అనిపించలేదు.

కమలాక్షి బొంతను మోకాళ్ళ మీదికి లాక్కుని తల వైపు పక్కను వేళ్ళతో తడుముతూ పోయింది. మూల దగ్గర ఆగింది.

“ఈ కొస ఎవురు కోసినారు?”

“నేనే కోయించాను.”

ఇంకో మూల చూసింది. బయట తీగ మీద చీరలు గాలికి నిండి మళ్ళీ వాలిపోయాయి.

“జయక్క దగ్గర ముక్క ఉంటాది. ఆయమ్మ యాదీ పారేయదు. పెద్దక్క చీర మిగిలిందా?”

“లేదంది. అంతా అయిపోయిందట.”

“అయితే మూల తిరగదు.” తనలో తాను కొలుచుకుంటున్నట్టు జానతో పచ్చ పట్టీ మీద కొలిచింది. “పెద్దక్క తన పక్క జానెడు విప్పితే, నా పట్టీని మూల తిప్పి ఆడికి తీసుకపోవచ్చు. అయితే ఆ జానెడు నాదవుతాది.”

“మీరే విప్పి...”

“ఆమె కుట్టిన దాన్ని నేనెట్ల విప్పల్లప్పా? ఆమే విప్పల్ల. ఈడికొచ్చి.”

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమే ఉలిక్కిపడినట్టు అనిపించింది. బొంతను మడిచింది. ఆ ఖాళీ మంచం మీద పెట్టింది.

“ఉండనీ ఈడ” అంది. మళ్ళీ సూది అందుకుంది.

ఇప్పటికి

ఆ సాయంత్రమే కాటన్‌పేట వెళ్ళి చెప్పాను. రత్నమ్మ మొత్తం రెండుసార్లు చెప్పించుకుంది.

“జానెడేనా అడిగింది?”

“జానెడే.”

“మూరెడు ఇస్తాను. రమ్మందా?”

“రావద్దని అనలేదు.”

“నీ పేపరు మాటలు పక్కన పెట్టు అప్పా. రమ్మందా, లేదా?”

“లేదక్కా.”

ఆమె కిటికీ వైపు తిరిగింది. గదిలో నేల ఖాళీగా ఉంది. నేను వెళ్ళిన రోజుల్లో ఆ నేలను ఎప్పుడూ చూడలేదు. ఎర్ర గచ్చు అని ఆ రోజే తెలిసింది.

తర్వాత కొన్ని వారాలకు నేను రిటైరయ్యాను. ఆఫీసులో శాలువా కప్పారు, ఇంటి పేజీ ఇంకొకరికి ఇచ్చారు. ఆ అమ్మాయి చురుకైనది. పేజీలో ఖాళీలు వదలదు. ఒకసారి సలహా అడిగింది. తెరిచి ఉన్నది కనిపిస్తే మూసేముందు ఎవరి కోసం తెరిచి ఉందో అడుగు అని చెప్పాను. అది రాసుకుంది. ఎంతవరకు పనికొస్తుందో నాకు తెలియదు. నాకు చెప్పినప్పుడు నేను వినలేదు.

జయమ్మ జిగణి నుంచి వంకాయ రంగు చీర ముక్కను కొరియర్లో కాడుగోడికి పంపింది. అందినట్టు రసీదు మీద కమలాక్షి సంతకం ఉంది. అక్కాచెల్లెళ్ళ మధ్య అటు నుంచి వచ్చిన రాత అది ఒక్కటే. నేను నెలకోసారి రత్నమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చుంటాను. కాఫీలో చక్కెర ఇప్పటికీ ఎక్కువే వేస్తుంది. మోకాళ్ళ నొప్పి అంటుంది, మెట్రో మెట్లు ఎక్కలేనంటుంది, మరో రోజు ఆటోలో పోవచ్చులే అంటుంది. కమలాక్షికి నేను రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ ఎత్తింది. బొంత గురించి అడిగితే, “ఉండాది” అని మాత్రం అంది.

ఇది రాస్తున్న రోజుకి రత్నమ్మ కాడుగోడి వెళ్ళలేదు. కమలాక్షి బొంతను తిరిగి పంపలేదు.